సేవాసంఘం – అధ్యక్ష పదవి

పాఠ్యభాగ పరిచయం

పట్టణాలలోని స్వచ్ఛంద సేవాసంఘాలు ఏటా నూతనాధ్యక్షులను ఎన్నుకొంటాయి. ఆ పదవి స్వభావమెట్టిది, దానిని స్వీకరించిన వ్యక్తి బాధ్యత ఎంతదూరం సాగుతుంది అనే విషయాలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

పాఠ్యభాగం

'పదవి' అనే సంస్కృత శబ్దానికి మార్గమని అర్థం. స్థానం, హోదా అనే అర్థాలూ దానికి కలవు. సేవాసంఘాధ్యక్షునికి వీనిలో మొదటి అర్థమే చక్కగా వర్తిస్తుంది. అతడు ఆ బాటలో కొంతదూరం నడిచి, వెనుక వచ్చేవారికి దానిని అప్పగించవలసినవాడు.

1905 ఫిబ్రవరి 23న అమెరికాలోని చికాగో నగరంలో పాల్ హారిస్ అనే న్యాయవాది ముగ్గురు మిత్రులతో సమావేశమై రోటరీ క్లబ్బుకు అంకురార్పణ చేశాడు. సభ్యుల కార్యాలయాలలో వంతులవారీగా సమావేశాలు జరగడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. 1917లో మెల్విన్ జోన్స్ కృషితో లయన్స్ క్లబ్బు ఏర్పడింది. కలకత్తా ద్వారా రోటరీ, 1956లో బొంబాయి ద్వారా లయన్స్ భారతదేశంలో ప్రవేశించాయి. కాలక్రమంలో ఇటువంటి సంఘాలు చిన్న పట్టణాలకూ విస్తరించాయి. రోటరీ సభ్యత్వం 1989 నుండి ప్రపంచమంతటా స్త్రీలకు లభించింది. 2022–23లో జెన్నిఫర్ జోన్స్ ఆ సంస్థకు తొలి మహిళా ప్రపంచాధ్యక్షురాలయింది.

ఈ రెండు సంస్థలలోనూ సేవాసంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. అధ్యక్షుని పదవీకాలం సాధారణంగా ఆ ఒక్క సంవత్సరమే. పదవీ స్వీకార సభలో పాత అధ్యక్షుడు పతకహారాన్ని కొత్త అధ్యక్షుని మెడలో వేస్తాడు. కార్యదర్శి, కోశాధికారి మొదలైనవారు ప్రమాణం చేస్తారు. పూలదండలు, శాలువలు, ప్రసంగాలు సరేసరి. అయితే ఆ సభలో చేతులు మారే అసలు వస్తువు పతకహారమా, లేక సగంలో ఉన్న పనులా? ఈ ప్రశ్నకు కొత్త అధ్యక్షుడు ఇచ్చుకొనే సమాధానం మీదనే ఆ సంవత్సరపు సేవ ఫలితం ఆధారపడుతుంది.

ఏడాది గడువులో మేలు ఉంది. అధికారం ఒకరి వద్దనే పేరుకొనదు; పలువురికి నాయకత్వపు శిక్షణ లభిస్తుంది. కీడు కూడా ఉంది. ప్రతి అధ్యక్షుడూ తన పేరిట కొత్త పని ప్రారంభించాలని ఉబలాటపడతాడు. నిన్న నాటిన మొక్కకు నేడు నీరు పోసేవారుండరు. శిలాఫలకం నిలుస్తుంది, పని నిలువదు. పులివెందుల సమీపంలోని తుమ్మలపల్లె విషయం చూడండి. అక్కడ యురేనియం గని ఉంది. శుద్ధి కర్మాగారపు వ్యర్థాల చెరువు వల్ల తమ బోరు నీరు చెడినదని సమీప గ్రామాల రైతులు ఫిర్యాదు చేశారు. అటువంటి చోట సేవ చేయదలచిన సంఘం ఒక్కసారి నీటిని పరీక్షింపజేసి ఊరకుంటే చాలదు. ఏటేటా పరీక్షింపజేసి, ఫలితాలను ఒకే పుస్తకంలో వ్రాసి ఉంచితేనే మార్పు తెలుస్తుంది. ఆ పుస్తకం ఒక అధ్యక్షుని బీరువాలో ఉండిపోతే శ్రమ అంతా వృథా.

పరంపరగా సాగిన సేవకు పోలియో నిర్మూలనం గొప్ప ఉదాహరణ. రోటరీ 1985లో ఈ యజ్ఞానికి పూనుకొన్నది. ప్రభుత్వాలు, ప్రపంచ ఆరోగ్యసంస్థ, యునిసెఫ్ వంటివి ఇందులో కలిసి పనిచేశాయి. భారతదేశంలో 1995లో పల్స్ పోలియో కార్యక్రమం మొదలయింది. సహజ పోలియో వైరస్ సోకిన చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్లోని హౌరా జిల్లాలో నమోదయింది. 2014 మార్చి 27న మనదేశం పోలియో రహితమని ధ్రువీకరణ లభించింది. 1985 నుండి 2011 వరకు ఒక్కొక్క క్లబ్బులో ఇంచుమించు ఇరవై ఆరుగురు అధ్యక్షులు మారి ఉంటారు. వారిలో ఏ ఒక్కరూ ఈ విజయం నాదని చెప్పుకొనజాలరు. మధ్యలో పని విడిచి ఉంటే మాత్రం ఆ దోషం ప్రతి ఒక్కరికీ అంటేది.

మన ప్రాచీనులు చెరువును సప్తసంతానాలలో ఒకటిగా భావించారు. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువును బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు నిర్మింపజేశాడు. క్రీ.శ. 1369 నాటి సంస్కృత శాసనం మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, వర్జించవలసిన ఆరు దోషాలను పేర్కొంటున్నది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు శ్రమించినట్లు కూడా అందులో ఉంది. కట్టించినవాని పేరు శాసనం కాపాడింది. మరి కట్టను కాపాడినదెవరు? తరతరాలుగా గండ్లు పూడ్చి, పూడిక తీసినవారు. వారి పేర్లు ఆ రాతిమీద లేవు.

రామాయణంలో భరతుడు పాదుకలను సింహాసనంపై ఉంచి, నందిగ్రామం నుండి పదునాలుగేండ్లు రాజ్యభారం వహించాడు. రాజ్యాన్ని న్యాసంగా ఎంచి, వృద్ధిచేసి రామునికి తిరిగి అప్పగించాడు. సేవాసంఘాధ్యక్షునికి ఇంతకు మించిన ఆదర్శం లేదు. అతడు పదవి చేపట్టిన నాడు చేయవలసిన మొదటి పని గత సంవత్సరపు పద్దులను, అసంపూర్ణ కార్యాలను పరిశీలించడం. చివరి పని వాటిని మరింత మెరుగైన స్థితిలో మరొకరి చేతిలో పెట్టడం.

కఠిన పదాలకు అర్థాలు

అంకురార్పణ = ప్రారంభం
ఉబలాటం = ఆత్రం, మిక్కిలి కోరిక
వర్జించు = విడిచిపెట్టు
న్యాసం = నమ్మి దాచుకొనుటకు ఇచ్చినది
పరంపర = వరుస

ప్రశ్నలు

1. ఏడాది పదవీకాలం వల్ల కలిగే మేలు కీడులను వివరించండి.
2. పోలియో నిర్మూలనం ద్వారా రచయిత నిరూపించిన అంశమేది?
3. "శిలాఫలకం నిలుస్తుంది, పని నిలువదు." – సందర్భ సహితంగా వ్యాఖ్యానించండి.
4. మీ ఊరిలో సగంలో ఆగిపోయిన ప్రజోపయోగకార్యం ఒకదానిని గూర్చి పది వాక్యాలలో వ్రాయండి.