డిక్కీలు రెండు, ఇంజిన్ ఎక్కడ?

తిరువలం,
ఆదివారం రాత్రి.

అల్లుడూ,

నువ్వు గుడియాత్తం బయల్దేరాక కూడా వీధి పిల్లలు గంటసేపు నీ కారు గురించే మాట్లాడుకున్నారు. బెంగుళూరులో చేతులు మారి వచ్చిన 2012 నాటి బాక్‌స్టరే అయినా పోర్షే పోర్షేనే. మీ అత్త ముచ్చటపడి ఎక్కి కూర్చుంది కానీ, దిగడానికి నేను చెయ్యి అందించాల్సి వచ్చింది.

ఎదురింటాయన ఇంజిన్ చూపించమన్నాడు, గుర్తుందా? ముందు మూత తీశావు, డిక్కీ. వెనక మూత తీశావు, అదీ డిక్కీయే. నవ్వేసి మాట మార్చావు. సున్నా నుంచి నూరు కిలోమీటర్ల వేగం ఐదు సెకన్ల చిల్లరలో అందుకుంటుందని మాత్రం గడగడా చెప్పావు. వెనక టైర్లు ఏ ఏడాదివిరా అని నేనడిగితే "కొత్తగానే ఉన్నాయి మామా" అన్నావు. ఆ ఒక్క జవాబుకే ఇంత ఉత్తరం.

నీ ఇంజిన్ సీట్ల వెనకే, రెండు డిక్కీల మధ్య దాక్కుని ఉంది. వెనక డిక్కీలో కనిపించేవి ఆయిల్ పోసే మూత, కూలెంట్ పోసే మూత. అంతే. కంపెనీ నీకు అప్పగించిన రాజ్యం అంతవరకే. పూర్వం అలా కాదు. కోయంబత్తూరు జి.డి. నాయుడు (1893–1974) మన తెలుగు ఇంటివాడే. కుర్రతనంలో హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఒక దొర దగ్గర రడ్జ్ మోటార్ సైకిల్ కొని, ముక్కముక్క విప్పి మళ్లీ బిగించాడు. బస్సులు నడిపింది ఆ తర్వాతి కథ. ఆయన పేరు చెప్పి నిన్నూ స్పానర్ పట్టమంటాననుకోకు. నీ బండిని ఆయన పద్ధతిలో విప్పితే మళ్లీ బిగించేది నువ్వు కాదు, క్రేన్ పెట్టి తీసుకెళ్లేవాడు.

మరి ఎంత తెలియాలి? 2021 చివర్లో మన ఊరి పక్క జరిగింది చెబుతాను. నవంబరు వరదల్లో పాలారు, పొన్నై రెండూ ఒళ్లు విరుచుకుని పారాయి. పొన్నై అంటే వేరే కాదు, చిత్తూరు నుంచి దిగే మన నీవానే. డిసెంబరులో తిరువలం, ముకుందరాయపురం మధ్య రైలు వంతెన స్తంభాలు దెబ్బతిన్నాయని తేలి రైళ్లు ఆపేశారు. కిటికీ పక్కన కూర్చుని టీ తాగేవాడికి ఆ స్తంభం సంగతి తెలియనక్కర్లేదు. నదిలోకి దిగి చూసేవాడికి తెలియాలి. సొంత కారులో ఆ రెండు ఉద్యోగాలూ నీవే. బాగుచెయ్యడం నీ పని కాదు, దిగి చూడడం నీ పని.

మొదట టైరు. పక్కగోడ మీద డాట్ అన్న అక్షరాల వెంట వచ్చే సంఖ్యలో చివరి నాలుగు అంకెలు చూడు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. ఆ పూర్తి సంఖ్య ఒక్కోసారి లోపలివైపు గోడకే ఉంటుంది, టార్చి పట్టుకుని వంగాలి. తక్కువ తిరిగే బండికి టైరు అరగక ముందే ముసలిదవుతుంది. గాడి లోతుగానే కనిపిస్తుంది, రబ్బరు మాత్రం చెక్కలా బిగుసుకుపోయి ఉంటుంది. మామూలు కారులో అది బ్రేకు దూరం పెంచుతుంది, నీ కారులో అంతకంటే ముందు వెనక భాగాన్ని వదిలేస్తుంది. గాలి ఎంతో తలుపు దగ్గరి చీటీలో ఉంటుంది. అది చల్లటి టైరుకు చెప్పిన లెక్క. వేలూరు మే నెల ఎండలో రాణిపేట దాకా తోలి, వేడి టైరులో ఎక్కువ చూపిస్తోందని గాలి తీసేశావా, తెల్లారేసరికి తక్కువై కూర్చుంటుంది. ఇంకోటి, నీ వెనక టైర్లు ముందువాటికంటే వెడల్పు. ముందువి వెనక్కి మారుస్తానని ఎవడైనా అంటే అక్కణ్ణించి లేచి వచ్చెయ్.

రెండోది నా సిగ్గు సంగతి. నా పెళ్లైన కొత్తలో ప్రీమియర్ పద్మినిలో ఏలగిరి కొండ దిగుతున్నాం. పద్నాలుగు మలుపులు. కాలు బ్రేకు మీదే పెట్టి దింపాను. తొమ్మిదో పదో మలుపులో పెడల్ మెత్తగా నేలదాకా వెళ్లిపోయింది. మీ అత్తకు చెప్పలేదు. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, కొండవైపు మట్టికి ఆనించి ఆపాను. దృశ్యం చూద్దామని దిగినట్టు నటించాను. అరగంటకు బ్రేకు తనంతట తనే తిరిగొచ్చింది. తప్పు పూర్తిగా నాది. కొన్నప్పటినుంచి బ్రేక్ ఆయిల్ మార్చలేదు. ఆ ద్రవం గాల్లోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ద్రవం కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. నీరు పట్టాక ఆ లెక్క 155 డిగ్రీలకు పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవాన్ని నొక్కితే బ్రేకు పడుతుంది, ఆవిరిని నొక్కితే పెడల్ పడుతుంది. రెండేళ్లకోసారి మార్పించు. ఎప్పుడు మార్చారన్నది పాత యజమాని నోటి మాట మీద నమ్మకు, బిల్లు అడుగు.

రేడియేటర్లు నీ బండికి ముందు బంపరులో రెండు పక్కలా ఉన్న నోళ్ల వెనక ఉంటాయి. మన రోడ్ల వేపాకు, చింతాకు, ప్లాస్టిక్ కాగితం అన్నీ అక్కడే చేరతాయి. ఇంజిన్ నడుమ ఉంది కదా అని ముందు సంగతి మరిచిపోతారు. నెలకోసారి చూడు, బ్రష్షు చాలు.

పెట్రోలు గురించి రెండు ముక్కలే. ఆక్టేన్ సంఖ్య వేరు, ఇథనాల్ శాతం వేరు. ఖరీదైనది పోయిస్తే రెండూ తీరాయనుకోకు. ఇప్పుడు బంకుల్లో దొరికేది చాలావరకు ఇరవై శాతం ఇథనాల్ కలిపినది. నీ బండికి ఎంతవరకు పనికొస్తుందో దాని పుస్తకంలో చదువు. ఇథనాల్ కూడా నీటిని పీలుస్తుంది, కాబట్టి నెలల తరబడి కదపకుండా షెడ్డులో పడెయ్యకు.

వానాకాలం రైల్వే అండర్‌పాస్‌లో నీళ్లు నిలిస్తే చుట్టు తిరిగి వెళ్లు. ఇంజిన్ గాలి పీల్చే నోరు తలుపు వెనకే ఉంది. ఒకవేళ నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చెయ్యకు. గాలి అణుగుతుంది, నీరు అణగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ఇక గ్యారేజీ. నీ కారు పాత తరం ఇంజిన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ అని ఒకటి ఉండేది. అది పోయి ఇంజిన్లే పోయిన కథలు ప్రపంచమంతా తెలుసు. 2009 మోడల్ నుంచి వచ్చిన ఇంజిన్లో ఆ షాఫ్టే లేదు. రేపెవరైనా నీ 2012 బండికి ఆ బేరింగ్ మార్చాలని లక్షల్లో అంచనా రాసిస్తే? లేని ఎముకకు కట్టు కట్టించుకోకూడదు కదా. నేను తెలియాలంటున్నది ఈపాటిదే: బేరింగ్ మార్చే విద్య కాదు, అది నీ బండిలో ఉందో లేదో.

నడిపే తీరు ఉత్తరంలో నేర్పలేను. ఒక్కటి చెబుతా. బరువు నడుమ ఉన్న బండి తేలిగ్గా తిరుగుతుంది, జారితే అంతే తేలిగ్గా గిరగిరా తిరుగుతుంది. మలుపు మధ్యలో భయపడి ఆక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలితే బరువు ముందుకు పోయి వెనక తేలికవుతుంది. కంప్యూటరు చాలావరకు కాపాడుతుంది, అన్నిసార్లూ కాదు. ఆ హద్దు ఎక్కడుందో తెలుసుకోవాలనిపిస్తే ఇరుంగాట్టుకోట్టైలో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ రేస్ ట్రాక్ ఉంది, అక్కడికి పో. బెంగుళూరు హైవే మీద మాత్రం ఆ పరీక్ష పెట్టుకోకు. అక్కడ ఎదురుగా ట్రాక్టరు రాంగ్ సైడులో వస్తుందని నీకు నేను చెప్పాలా?

వచ్చే ఆదివారం మళ్లీ రా. బండి పుస్తకం, టార్చి, గాలి చూసే గేజీ తెచ్చుకో. టైరు అంకెలు నువ్వే చదివి చెప్పాలి, నేను వంగలేను. మా వీధి మొదట్లో స్పీడ్ బ్రేకరు దగ్గర ఈసారి నేరుగా ఎక్కించకు, ఇవాళ్టి గీకుడు చప్పుడు ఇంట్లోకి వినిపించింది. అక్కడ ఆగి హారన్ కొట్టు, వచ్చి ఏటవాలుగా ఎలా ఎక్కించాలో చూపిస్తా. మీ అత్త ఈసారి కారు ఎక్కనంటోంది, చూస్తానంటోంది అంతే.

మీ మామ