గోదావరి కాలువగట్లు – సైకిలు యాత్ర

ఫ్రాన్సు పల్లెసీమలలో మిట్టపల్లముల కంకరబాటలపై సైకిలు యాత్రలు ప్రసిద్ధములు. మన డెల్టాలో గుట్టలు లేవు, కాలువగట్లు కలవు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తియైన పిమ్మట, సర్ ఆర్థర్ కాటన్ పథకము ననుసరించి కాలువలు సాగునీటికే గాక పడవల రాకపోకలకును ఉపయోగపడినవి. పడవలను తాళ్ళతో లాగుచు మనుషులు నడచినది ఈ గట్లమీదనే.

ధవళేశ్వరం నుండి కడియం మీదుగా కాకినాడ పోవు గట్టు నేడు తారురోడ్డు. వాహనముల రద్దీ మెండు. కావున విద్యార్థులు చిన్న కాలువల మట్టిగట్లను ఎన్నుకొనుట మేలు.

అచట గమనింపవలసినది వాలు. కాలువను మెరకవరుస వెంబడి త్రవ్వినందున నీరు బోదెల ద్వారా పొలములకు తనంతట పారును. మిగులునీరు పల్లమునందలి మురుగుకాలువలో చేరి సముద్రమునకు పోవును. గుర్రపుడెక్క, పూడిక ఆ దారిని మూసినచో వానలకు వరిచేలు మునుగును.

విద్యార్థులారా! ఒక సెలవుదినమున సైకిలుపై వెళ్ళి కాలువ, బోదె, పొలము, మురుగుకాలువల వరుసను పటముగా గీయుడు. పూడినచోట్లను గుర్తించి గ్రామపెద్దలకు చూపుడు. మనకు అన్నము పెట్టు నేల స్వభావము నెరుగుటయు విద్యయే.