ఊ కూడా కొట్టకు

కొంగరకలాన్

బిడ్డా,

కళ్లు మూసుకుంటే భయం ఇంకా పెరుగుతున్నది, ధ్యానం నాకు పడదు అన్నావు. అంత తొందరెందుకు? అశోక్‌నగర్ హాస్టల్ గదిలో పొద్దంతా పుస్తకంతో ఒంటరిగా ఉన్న పిల్ల, రాత్రి కూడా ఒంటరిగానే కళ్లు మూసుకుంటే మనసు ఎక్కడికి పోతుంది? పరీక్ష ఫలితాల దగ్గరికే. అందుకే నీ రూమ్మేటును ఎదురుగా కూర్చోబెట్టుకుని, వంతులవారీగా మనసులో మాట చెప్పుకొమ్మన్నా. "అవి ముచ్చట్లే కదా తాతా" అని కొట్టిపారేశావు.

ముచ్చట్లలో ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడుతుంది. ఇక్కడ ఐదు నిమిషాలూ ఒక్కరిదే మాట. ఆ రోజు కష్టమనిపించిన ఒక ఘడియ, మనసు నిండిన ఒక ఘడియ. కథంతా వద్దు. అప్పుడు గుండె ఎట్లా కొట్టుకుంది, గొంతు ఎట్లా పట్టేసింది, అది చెప్పాలి. తర్వాత వంతు మారుతుంది.

చిన్నప్పుడు నువ్వు ఊ కొట్టకపోతే కథ ఆపేసేవాణ్ని. ఇక్కడ వినేవాళ్లు ఊ కూడా కొట్టకూడదు. ఈ నియమం మాత్రం తప్పనివ్వను. మోకాలి ఆపరేషన్ తర్వాత మీ నానమ్మ రాత్రిళ్లు ఏదో చెప్పబోయేది. నోరు తెరిచిందో లేదో, మాత్ర వేసుకో, రేపు డాక్టరుకు ఫోన్ చేద్దాం, అంతగా ఆలోచించకు అనేవాణ్ని. ప్రేమతోనే అన్నా. కొన్నాళ్లకు ఆమె చెప్పడం మానేసింది. నిద్ర పడుతున్నదనుకున్నా. గోడవైపు తిరిగి మేలుకునే ఉండేదని చాలా ఆలస్యంగా తెలిసింది. నా సలహా ఒక్కటీ ఆమెకు అక్కరలేకపోయింది బిడ్డా, నేను వింటే చాలునట.

జర్మనీలో మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన తానియా సింగర్ బృందం సుమారు 300 మందితో నెలల తరబడి అధ్యయనం చేసింది. అందులో రకరకాల సాధనలు నేర్పారు, ఇలాంటి జంట సాధన కూడా. ఆపైన కొత్తవాళ్ల ముందు మాట్లాడించి, నోటిలెక్కలు చేయించారు, అచ్చం ఇంటర్వ్యూలాగే. 2017లో ఫలితాలు అచ్చయ్యాయి. ఏకాగ్రత ఒక్కటే నేర్చినవాళ్లు ఒత్తిడి తగ్గిందన్నారు గానీ, ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గలేదు. జంటగా కూర్చునే శిక్షణ పొందినవాళ్లలో అది 51 శాతం దాకా తగ్గింది. రోజూ ఒకరి ముందు మనసు విప్పి, తీర్పు లేకుండా వినిపించుకున్నవాళ్లకు నలుగురి చూపు అంటే భయం తగ్గి ఉండవచ్చని వాళ్ల అంచనా. ఫలితాలు చూసి నలుగురు ఏమంటారోననే కదా నీ భయమూ!

ఎదురెదురుగా కూర్చోవడం మన జిల్లాకు కొత్త కాదు. కన్హా శాంతివనం ధ్యాన కేంద్రం పద్ధతిలో శిక్షకులు సాధకుడితో కూర్చుని ధ్యానం చేయిస్తారు, అక్కడ మాటే ఉండదు.

ఒక్కటి మాత్రం దాచకు. రెండు వారాలైనా నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విసుగు పుట్టినా ఈ సాధన సరిపోదు. టెలిమానస్ 14416కు ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు. నాకూ చెప్పు.

రూమ్మేటు సిగ్గుపడితే నాతో మొదలుపెట్టు. రాత్రి తొమ్మిదికి ఫోన్ చెయ్యి. గడియారం ముందు పెట్టుకుంటా. మొదటి ఐదు నిమిషాలు నీవి. మాట రాక ఊరికే ఉన్నా సరే, నేను ఫోన్ పెట్టెయ్యను.

మీ తాత