పాత కారు మరమ్మత్తు – షెడ్డు భాష : ఒక పరిశీలన

ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తి పదకోశములో మొదటి సంపుటము వ్యవసాయ పదములది. అది 1962లో వచ్చినది. చేనేత పదముల సంపుటము 1971లో వచ్చినది. నాగలికి గల భాగములను, మగ్గమునకు గల భాగములను ఏ జిల్లాలో ఏమని పిలుస్తారో ఆ పుటలు తిరగవేసినవారికి తెలుస్తుంది. ఆ రెండు సంపుటములలో మోటారు షెడ్డు లేదు. అది వాటి విషయము కాదు గనుక ఉండవలసిన పనియు లేదు. కాని మన బెల్లంపల్లి వంటి ఊళ్లలో మగ్గము ముందు కూర్చున్న చేతుల కంటె పానా పట్టిన చేతులే ఎక్కువ. ఆ పానా వెనుక ఒక విద్య ఉన్నది, ఆ విద్యకు ఒక భాష ఉన్నది. పాత కారును ఇష్టపడి ఇంట ఉంచుకొని, సెలవు దినమున దాని బొనెట్టు ఎత్తి తామే బాగుచేసుకొనేవారి నోట ఆ భాష నేటికీ వినబడుతున్నది. ఈ వ్యాసమున మేము ఆ విద్యను కొంత, ఆ భాషను కొంత పరిశీలింపదలచినాము.

బెల్లంపల్లి బొగ్గు ఊరు. కాజీపేట – బల్లార్షా రైలుమార్గము 1929లో పూర్తియైనది. ఆ కాలముననే ఈ ప్రాంతములో గనులు పెరిగినవి. గని అన్న తరువాత ఫిట్టరు, టర్నరు, వెల్డరు, ఎలక్ట్రీషియను తప్పనిసరి. వారు పని దిగి ఇంటికి వచ్చినా చేతి నేర్పు డ్యూటీ దిగదు. అందుచేత ఇక్కడ పాత బండి యజమాని కేవలము యజమాని కాడు, సగము మేస్త్రీ. తక్కిన సగము షెడ్డులోని ఉస్తాదు. ఈ ఇద్దరి సంభాషణయే మా పరిశీలనకు ఆధారము.

ఈ వ్యాసములో అంబాసిడరునే ప్రధానముగా ఉదాహరిస్తున్నాము. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు మూడవ శ్రేణిని మాతృకగా గొని, పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ వారు 1957 నుండి దీనిని తయారుచేసినారు. 2014 మే నెలలో ఆ కర్మాగారములో పని ఆగినది. బొంబాయి కుర్లాలో తయారైన ఫియటు, దాని రూపమైన ప్రీమియర్ పద్మిని, మహీంద్రా వారి జీపు కూడ అభిమానుల ఇళ్లలో కనబడతవి. 1983 డిసెంబరులో కొత్తదనమునకే మారుపేరుగా వచ్చిన మారుతీ 800 సైతము నేడు పాత బండ్ల వరుసలో చేరినది. కాలము ఎవరినీ వదలదు!

షెడ్డులో మేము విన్న మాటలను వరుసబెట్టి చూచినప్పుడు ఒక విశేషము తోచినది. పనిముట్ల పేర్లలో, పని స్వభావమును తెలిపే పేర్లలో ఉర్దూ ద్వారా వచ్చిన మాటలు ఎక్కువ. పానా, పేచ్‌కస్, పుర్జా, సామాను, మరమ్మత్తు, ఖరాబు, తయారు అన్నవి ఇట్టివి. బండి భాగముల పేర్లు దాదాపుగా ఇంగ్లీషువి. ప్లగ్గు, పాయింట్లు, సెల్ఫు, డైనమో, సైలెన్సరు, క్లచ్ ప్లేటు అన్నవి ఇట్టివి. ఇక బండి ఏమి చేస్తున్నదో, దానికి ఏమి జబ్బు చేసినదో చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రము తెలుగు క్రియలే దిగుతవి. బండి ఆయిలు తాగుతున్నది. ఇంజను పట్టేసినది. ఎత్తు మీద గుంజుతలేదు. పొద్దున లేవనంటున్నది. దగ్గుతున్నది. ఇనుమును గూర్చి మాట్లాడుతున్నామో, ఇంటిలోని ముసలివారిని గూర్చి మాట్లాడుతున్నామో పక్కనున్నవారికి అర్థము కాదు. ఉర్దూ మాట్లాడే ఉస్తాదు నోట ఈ క్రియలు ఉర్దూలోకి మారుతవి గాని బొమ్మ మారదు. మనవాడు తాగుతున్నదన్న చోట ఆయన పీ రహీ హై అంటాడు. పేర్లు అరువు తెచ్చుకొన్నా క్రియను ఎవరి ఇంటిది వారు వాడుకొనుట భాషాశాస్త్ర విద్యార్థులు గుర్తింపదగిన సంగతి.

ఒక్కొక్క మాట వెంట పోతే ఎంత దూరమో పోవచ్చును. ఫారసీలో పేచ్ అనగా మెలిక. మెలిక గల మేకు మరచీల. దానిని లాగే పరికరము పేచ్‌కస్. మనము తగవు అనే అర్థములో వాడే పేచీ కూడ ఈ మెలికయే. మేస్త్రీ అన్న మాట అచ్చముగా మనదనిపిస్తుంది గాని అది పోర్చుగీసువారి మెస్త్రే. అన్నింటికంటె చిత్రమైన ప్రయాణము స్టెప్నీది. వేల్సు దేశములోని లనెల్లీ పట్టణమున స్టెప్నీ వీధి ఉన్నది. అదనపు చక్రమును తయారుచేసి అమ్మే వ్యాపారము 1904 ప్రాంతమున ఆ వీధిలో మొదలైనది. ఆ వీధి పేరే చక్రమునకు పేరైనది. ఇంగ్లండులో నేడు ఆ మాట సామాన్యునికి తెలియదు. మన ఊళ్లో పంక్చరు వేసే పిల్లవానికి తెలుసు. డిక్కీ సంగతియు ఇంతే. ఒకనాడు అది కారు వెనుక భాగమున తెరచుకొనే అదనపు ఆసనము. ఆసనము పోయినది, సామాను పెట్టెకు పేరు మిగిలినది.

మాటలు ఇట్లుండగా, పని ఎట్టిదో తెలియనిదే వాటి విలువ తెలియదు. ట్యాపెట్లు అమర్చుటను తీసికొందము. అంబాసిడరు 1489 సీసీ పెట్రోలు ఇంజనులో నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు ఉన్నవి. ఒక్కొక్క వాల్వునకు, దానిని నొక్కే మీటకు నడుమ అంగుళములో వెయ్యింట పదిహేను వంతుల సందు ఉండవలెను. వాల్వు పూర్తిగా మూసి ఉన్నప్పుడే ఆ సందును కొలవవలెను. ఏది ఎప్పుడు పూర్తిగా మూసి ఉన్నదో తెలియుట ఎట్లు? దీనికి ఒక సులువైన లెక్క ఉన్నది, తొమ్మిది. ఎనిమిదవ వాల్వు పూర్తిగా నొక్కబడి ఉన్నప్పుడు మొదటిదానిని సరిచేయవలెను. ఆరవది నొక్కబడి ఉన్నప్పుడు మూడవది. నాలుగవది నొక్కబడినప్పుడు అయిదవది. రెండింటి మొత్తము ఎప్పుడూ తొమ్మిదే. బడిలో లెక్కలకు భయపడి మానుకొన్నవాడు షెడ్డులో ఈ లెక్కను తడుముకొనకుండ చేస్తాడు.

సందు ఎక్కువైతే టకటక చప్పుడు వస్తుంది. తక్కువైతే చప్పుడు రాదు, బండి హాయిగా నడుస్తున్నట్లు ఉంటుంది. కాని వేడికి లోహము వ్యాకోచించి వాల్వు పూర్తిగా మూసికొనదు. మంట ఆ సందుగుండ దూసుకొనిపోయి వాల్వు అంచును కాల్చివేస్తుంది. కనుక ట్యాపెట్టు కొంచెము పలుకుతూ ఉండుటయే మేలని అనుభవజ్ఞుల మాట. కొత్తగా కారు కొన్న అభిమాని మొదట ఆ చప్పుడును పోగొట్టుకొనవలెనని చూస్తాడు. కొంత కాలమునకు ఆ చప్పుడు వినబడకపోతేనే కంగారు పడతాడు. ట్యాపెట్ల తరువాత పాయింట్లు, అటు పిమ్మట టైమింగు, చివరకు కార్బరేటరు. ఈ వరుస తప్పితే చేసిన పనిని మరల చేయవలసి వస్తుంది. ముందు సరిచేయవలసినది తరువాత సరిచేస్తే, మొదట చేసిన కొలత చెడుతుంది గనుక.

మన ప్రాంతపు ఎండ ఈ విద్యకు ఒక ప్రత్యేక అధ్యాయమును చేర్చినది. మే నెలలో 45 డిగ్రీలు దాటినప్పుడు ఇంజను పక్కనుండే పంపులో, గొట్టములో పెట్రోలు ఆవిరి అవుతుంది. పంపు ద్రవమును తోడగలదు గాని ఆవిరిని తోడలేదు. బండి నడిరోడ్డు మీద నిలిచిపోతుంది. ట్యాంకులో పెట్రోలు ఉన్నది, ప్లగ్గున నిప్పు ఉన్నది, అయినా బండి కదలదు. పంపు మీద తడిగుడ్డ వేసి, చెట్టు నీడన కూర్చుండి, చల్లబడినాక బయలుదేరుట పాత వైద్యము. గొట్టమును సైలెన్సరు మానిఫోల్డునకు దూరముగా జరిపి కట్టుట, ట్యాంకు దగ్గర కరెంటు పంపు పెట్టుట కొత్త వైద్యము. రెండవది మంచిదే. కాని కారులో ఎప్పుడూ ఒక తుండుగుడ్డ, నీళ్ల సీసా ఉంచుకొనే అలవాటు మాత్రము కరెంటు పంపు పెట్టించుకొన్నవారిలోను పోలేదు.

మార్పుల విషయములో మా అభిప్రాయమును దాచవలసిన పనిలేదు. కొన్ని మార్పులు బండికి ఆయుష్షు పోస్తవి. డైనమో స్థానమున ఆల్టర్నేటరు పెట్టుట అట్టిది. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కూడ బ్యాటరీకి తగినంత కరెంటు అందుతుంది. లైట్లకు రిలే పెట్టుట మరొకటి. 12 వోల్టుల బండిలో 60 వాట్ల బల్బులు రెండు వెలిగినప్పుడు పది ఆంపియర్ల కరెంటు పారుతుంది. పాత పద్ధతిలో అదంతయు డాష్‌బోర్డు స్విచ్చిగుండ, ముసలి వైరుగుండ పోవలెను. స్విచ్చి కాలుతుంది, వెలుతురు మసకబారుతుంది. రిలే ఉన్నచో స్విచ్చిగుండ పోయేది స్వల్పమైన కరెంటు. అసలు భారము బ్యాటరీ నుండి తిన్నగా బల్బునకు పోతుంది. ఖర్చు కొద్ది, ఫలము మెండు. ఈ రిలే లేకుండ నూరు వాట్ల బల్బులు బిగించి ఎదుటివాని కన్నులు చెదరగొట్టుట మార్పు కాదు, దౌష్ట్యము. స్టీరింగు పక్కనుండే గేరును నేలకు దించుటను గూర్చి అభిమానులలో భేదాభిప్రాయములు ఉన్నవి. మేము పాతదాని పక్షమున ఉన్నాము.

1990ల మొదటి భాగమున అంబాసిడరుకు ఇసుజు ఇంజను వచ్చినది. దానితో ఒక ఇబ్బందియు వచ్చినది. బాడీలోని పాత నట్లు అంగుళముల కొలత, ఇంజను నట్లు మిల్లీమీటర్ల కొలత. అర అంగుళము 12.7 మిల్లీమీటర్లు. దానికి 13వ నంబరు పానా పట్టినట్లే ఉండి జారుతుంది, నట్టు మూలలు అరిగి గుండ్రమవుతవి. ఒకే బండికి రెండు పానాల సెట్లు కావలెను. ఒకే ఇంట రెండు భాషలు మాట్లాడుకొనే మా వంటివారికి ఇది వింతగా తోచదు గాని, ఏ నట్టు ఏ కొలతదో చేతికి తెలియవలెను.

చట్టము సంగతి విద్యార్థులు తెలిసికొనుట అవసరము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంత కారు రిజిస్ట్రేషను పదిహేను సంవత్సరములు చెల్లుతుంది. అటు తరువాత అయిదేసి సంవత్సరములకు పునరుద్ధరించుకొనవలెను. తయారీదారు మొదట నిర్దేశించిన వివరములకు భిన్నమయ్యేటట్లు బండిని మార్చరాదని 52వ సెక్షను చెప్పుచున్నది. ఈ సంగతిని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టపరచినది. అనుమతితో చేసికొనదగినవి కొన్ని ఆ సెక్షనులోనే ఉన్నవి. 2021లో వచ్చిన నియమములు ఏబది సంవత్సరములు దాటిన బండ్లకు పురాతన వాహనములుగా ప్రత్యేక రిజిస్ట్రేషను కల్పించినవి. కాని అసలు రూపము చెడరాదు, నిత్యము రోడ్డు మీద తిరుగరాదు. అనగా 1970లో కొని, రిలే పెట్టించి, ఇంజను మార్పించి, పిల్లలను బడికి దించుతూ వచ్చిన కారునకు ఆ గౌరవము దక్కుట కష్టము. వాడకుండ దాచినదానికి దక్కుతుంది. హైదరాబాదులో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కోరి చేయించిన రోల్స్‌రాయిస్ సింహాసనపు కారును చూచి ఆశ్చర్యపడనివారు లేరు. మేమును పడినాము. కాని మరమ్మత్తు విద్య అక్కడ లేదు. అది రోజూ నడిచే బండిలో ఉన్నది.

ఆ విద్యకు ఇప్పుడు గడువు దగ్గరపడినది. బండి తయారీ ఆగినది, అసలు సామాను దొరుకుట తగ్గుచున్నది. చెవితో చప్పుడు విని జబ్బు చెప్పగల ఉస్తాదులు పెద్దవారైనారు. వారి వద్ద పని నేర్వవలసిన పిల్లలు కంప్యూటరు తగిలించి చదివే కొత్త బండ్ల వైపు పోతున్నారు, పోవలసినదే. అయితే అటువంటి కుటుంబముల నుండి మన కళాశాలకు వచ్చే విద్యార్థి తన ఇంటి మాటను తరగతిలో పలుకుటకు సంకోచిస్తున్నాడు. అందులో తెలుగు వ్రాయునప్పుడు అది ఉర్దూ అని, ఉర్దూ వ్రాయునప్పుడు అది బజారు మాట అని. 1917లో హైదరాబాదున దారుల్ తర్జుమా స్థాపించి, ఉస్మానియా విశ్వవిద్యాలయము కొరకు శాస్త్ర పదములను ఉర్దూలో నిర్మించినారు. అది పండితులు కూర్చుండి చేసిన పని. షెడ్డు మాటలను ఏ పండితుడూ చేయలేదు. పని చేయుచున్న చేతులే చేసినవి. చేసినవారు ఉండగానే వ్రాసికొనుట మన వంతు.

పాలకవర్గము వారు అనుమతించినచో వచ్చే సంవత్సరము తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి ఈ పద సేకరణ చేయవచ్చును. ప్రతి మాటను రెండు లిపులలో వ్రాయవలెను. ఆ వస్తువు చిత్రమును గీయవలెను. అది చేసే పనిని ఉస్తాదు మాటలలోనే ఎక్కింపవలెను. ఏ ఊరి షెడ్డులో విన్నదో తెలుపవలెను. మంచిర్యాలలో అన్న మాట కాగజ్‌నగరులో అదే విధముగా అనకపోవచ్చును. నమూనాకు మొదటి చీటీని మేమే వ్రాసి ఇస్తున్నాము. కమాను కట్ట : బండి వెనుక ఇరుసు మీద బరువును మోసే ఉక్కు పట్టీల దొంతర. కమాను ఫారసీ, విల్లు అని అర్థము. కట్ట తెలుగు. ఒక పట్టీ విరిగితే దానినే మార్చవచ్చును, కట్టనంతటిని మార్చనక్కరలేదు. విన్న చోటు : బెల్లంపల్లి.