చెప్పాం కదా అంటే చెల్లదు

పెళ్లి ముహూర్తాలు మొదలైతే చాలు, నా ఆఫీసుకు డ్రోన్ కేసులు వరస కడుతున్నాయి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మొదట చెప్పేది ఒకటే: "ఎయిర్‌పోర్టుకు ముందే ఫోన్ చేసి చెప్పాం సార్." ఎవరికి చెప్పారంటే పేరు తెలీదు. వాళ్లేమన్నారంటే, "సరే, జాగ్రత్తగా ఎగరేసుకోండి అన్నారు". కాగితం ఉందా అంటే లేదు. ఇక కోర్టులో నేను ఏం చూపించి వాదించాలి?

అందుకే అసలు విషయం ముందే రాసేస్తున్నాను. విమానాశ్రయానికి కబురు పెట్టి డ్రోన్ ఎగరేసే పద్ధతి మన చట్టంలో లేదు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ఆకాశాన్ని గ్రీన్, ఎల్లో, రెడ్ అని మూడు జోన్లు చేశాయి. గ్రీన్‌లో ఎగరడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఎల్లోలో అక్కడి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, అంటే ఏటీసీ, అనుమతి ఉండాలి. రెడ్ అయితే కేంద్ర ప్రభుత్వం అనుమతి ఉండాలి. తెలియజేస్తే చాలు అనే నాలుగో రంగు ఆ జోన్లు చూపించే డిజిటల్ స్కై మ్యాపులో లేదు.

ఇప్పుడు నా దగ్గర నడుస్తున్న కేసు చూడండి. కుర్రాడు డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, చెల్లెలి పెళ్లికి వచ్చాడు. కోస్తాలో ఒక విమానాశ్రయానికి కాస్త దూరంలో కల్యాణ మండపం. వస్తూ సూట్‌కేసులో చిన్న డ్రోన్ తెచ్చాడు. బుద్ధిమంతుడే, పొద్దున్నే విమానాశ్రయం నంబరు వెతికి ఫోన్ చేశాడు. అవతల ఎత్తినవాళ్లు "ఓకే సార్" అన్నారు. సాయంత్రం ఎదుర్కోళ్ల వేళకు మండపం డాబా మీంచి డ్రోన్ లేపాడు. ఎవరో 112కు ఫోన్ చేశారు. రాత్రికల్లా డ్రోను, రిమోటు, అతని ఫోను స్టేషన్‌లో ఉన్నాయి.

"అమెరికాలో ఇంతే కదా సార్, చెప్తే చాలు" అన్నాడు. ఒకప్పుడు నిజమే. 2012 నాటి అమెరికా చట్టం ప్రకారం సరదాకు ఎగరేసేవాళ్లు విమానాశ్రయానికి 5 మైళ్ల లోపల ఉంటే, నిర్వాహకులకూ, టవర్ ఉంటే టవర్‌కూ ముందుగా తెలియజేయాలి. 2018 అక్టోబరులో దాన్ని తీసేశారు. ఇప్పుడు అక్కడ కూడా నియంత్రిత గగనతలంలో ముందస్తు అనుమతి తప్పనిసరి, కాకపోతే చాలాచోట్ల ఫోన్ యాప్‌లోనే నిమిషాల్లో వచ్చేస్తుంది. మావాడు అక్కడి పాత రూలును ఇక్కడికి మోసుకొచ్చాడు. డ్రోన్ మీద అంటించిన అమెరికా రిజిస్ట్రేషన్ నంబరును ఎస్సైకి చూపించాడు కూడా. ఆయన దాన్ని అనుమానంగా చూసి పంచనామాలో రాసుకున్నారు.

ఫోన్ ఎత్తినవారి సంగతీ చెప్పాలి. విమానాశ్రయం నడిపేవాళ్లు వేరు, ఆకాశాన్ని చూసుకునేవాళ్లు వేరు. శంషాబాద్‌లో టెర్మినల్‌ను ప్రైవేటు కంపెనీ నడుపుతుంది, ఏటీసీ మాత్రం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది. విశాఖలో ఏటీసీ నేవీ చేతిలో ఉంటుంది. విచారణ కౌంటరులో కూర్చున్న మనిషి తనకు లేని అధికారంతో "ఓకే" అంటే, దాని విలువ సున్నా. "ఇది మా పని కాదు, ఏటీసీకి రాసుకోండి" అని ఒక్క మాట చెప్పడానికి వాళ్లకేం కష్టమో నాకిప్పటికీ అర్థం కాదు. పోలీసు స్టేషన్‌లో స్టాంపు వేయించుకున్న అభ్యంతరం లేదనే కాగితానిదీ అదే గతి. బందోబస్తు వరకు అది పనికొస్తుంది, ఏటీసీ అనుమతికి బదులు కాదు.

ఇక దూరం లెక్క. పనిచేస్తున్న విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 కిలోమీటర్లు దాటాక, 12 కిలోమీటర్ల వరకు 200 అడుగుల ఎత్తుదాకా గ్రీన్, ఆపైన ఎల్లో. ఆ తర్వాత వేరే ఆంక్షలు లేనిచోట 400 అడుగుల వరకు గ్రీన్. 8 కిలోమీటర్ల లోపలైతే మ్యాపు చూడకుండా బ్యాటరీ కూడా పెట్టొద్దు. మావాడు గూగుల్ మ్యాపులో టెర్మినల్ నుంచి కొలిచాడు, తొమ్మిది దాటింది. రన్‌వే చివర ప్రహరీ నుంచి కొలిస్తే ఎనిమిది లోపే! పైగా డ్రోన్ నడిపే యాప్‌లో కనిపించే ఎత్తు డ్రోన్ లేచిన చోటు నుంచి లెక్క. నాలుగంతస్తుల డాబా మీంచి లేపితే ఆ ఎత్తు కూడా కలపాలి, రూలు చూసేది నేల నుంచి.

బరువు మీద కూడా అందరికీ గుడ్డి నమ్మకం. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, నిజమే. కానీ ఆ మినహాయింపు పైలట్‌కే గాని ఆకాశానికి కాదు, నానోకైనా రెడ్ రెడ్డే. పైగా ఆ 249 గ్రాముల బొమ్మకు పెద్ద బ్యాటరీ వేసి, లైటు తగిలిస్తే అది పై తరగతి, అంటే మైక్రో, అయిపోతుంది. అప్పుడు రిజిస్ట్రేషన్ నంబరు, థర్డ్ పార్టీ బీమా అడుగుతారు. డబ్బు తీసుకుని ఎగరేసే ఫోటోగ్రాఫర్‌కైతే మైక్రోకు పైలట్ సర్టిఫికెట్ కూడా కావాలి. పెళ్లివారూ, అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ సర్టిఫికెట్ చూడండి.

మావాడి మీద ఎఫ్‌ఐఆర్‌లో భారతీయ న్యాయ సంహిత 223, 125 సెక్షన్లు పెట్టారు. 223 అంటే అధికారి ఉత్తర్వును ఉల్లంఘించడం. ఏ ఉత్తర్వు? ఎఫ్‌ఐఆర్‌లో నంబరు లేదు, తేదీ లేదు, కాపీ లేదు. "డ్రోన్ నిషేధం అని అందరికీ తెలుసు కదండీ" అన్నారు పోలీసులు. పైగా ఆ సెక్షన్ కింద కోర్టు కేసు స్వీకరించాలంటే, ఉత్తర్వు ఇచ్చిన అధికారో ఆయన పైవారో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అది కూడా లేదు. కాబట్టి 223 నిలవదనే నా వాదన. అందుకని సంబరపడొద్దని మావాడికి గట్టిగానే చెప్పాను. ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చే నిర్లక్ష్యం అనే 125 అలాగే ఉంది. డ్రోన్ రూల్స్ కింద లక్ష రూపాయల వరకు జరిమానా వేరు, దానికి పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ, విడిగా నోటీసు ఇవ్వగలదు. ఆ నోటీసుకు "ఫోన్ చేశాం" అని జవాబు రాస్తే, అనుమతి లేదని మీరే ఒప్పుకున్నట్టు!

అతను డ్రోన్‌ను దేశంలోకి ఎలా తెచ్చాడన్నది ఇంతవరకూ ఎవరూ అడగలేదు, నేనే అడిగాను. విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలోనే నిషేధించారు, పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు తప్ప. కస్టమ్స్‌లో చెప్పకుండా తెచ్చిన వస్తువును నాదేనని కోర్టులో వెనక్కి అడిగితే ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది. అమెరికా నుంచి పిల్లలు బహుమతిగా డ్రోన్ తెస్తామంటే వద్దనండి. చాక్లెట్లు తెస్తే చాలు.

ఎగరేసే రోజు ఉదయం డిజిటల్ స్కై మ్యాపు చూసి, తేదీ, సమయం పడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నిన్న గ్రీన్ అయిన చోటు ఈరోజు కూడా గ్రీనే అనుకోవద్దు. ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఒక ప్రాంతాన్ని 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించగలరు. ముఖ్యమంత్రి పర్యటనో, జాతరో ఉంటే చూడటం మరీ అవసరం. తిరుమల కొండ మీదైతే ఏ రోజూ ఆ ఆలోచనే పెట్టుకోకండి.

పట్టుబడితే మాత్రం వీడియోగానీ, ఫ్లైట్ లాగ్‌గానీ చెరిపేయకండి. సాక్ష్యం మాయం చేశారని ఇంకో సెక్షన్ కలుస్తుంది. తక్కువ ఎత్తులో ఎగరేసినవాడిని కాపాడేది కూడా ఆ లాగే. డ్రోన్, ఫోన్ జప్తు చేస్తే తాత్కాలిక కస్టడీ పిటిషన్ వెంటనే వేయించండి. సొత్తును స్టేషన్‌లో ఏళ్ల తరబడి మూలన పడేయకూడదని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. నా దగ్గరికి వచ్చేటప్పుడు కొన్న బిల్లు, రిజిస్ట్రేషన్ కాగితం, ఆ రోజు స్క్రీన్‌షాట్, ఏటీసీ ఇచ్చిన అనుమతి తీసుకురండి. కాల్ లిస్టు ఇంట్లో పెట్టి రండి.