చేతితో సవరించు తేలిక కెమెరా

నేడు విద్యార్థి జేబులోని ఫోనే కెమెరా అయినది. దృష్టిని అదియే సవరించుకొనును. వెలుతురును అదియే కొలుచుకొనును. ఇట్టి కాలమున ఫిల్ము కెమెరాను గూర్చి పాఠమేల యని కొందరు మిత్రులు మమ్ము ప్రశ్నించిరి. భౌతికశాస్త్ర తరగతిలో మనము చదివిన కటకము, కాంతి తీవ్రత, విద్యుత్ నిరోధము అను మూడును ఒకే వస్తువులో చేతికి తగులునట్లు ఉండుట ఇందులోనే చూచితిమి. ఈ వ్యాసమునకు అదియే కారణము.

కెమెరా యను మాటకు లాటిను భాషలో గది యని అర్థము. ఉర్దూలో మనము గదికి వాడు ‘కమరా’ కూడ పోర్చుగీసు వారి ద్వారా ఆ మూలమునుండియే వచ్చినది. చీకటి గదిలోనికి సన్నని రంధ్రము గుండ వచ్చిన వెలుగు తలక్రిందుల ప్రతిబింబమును ఏర్పరచు విషయమును బస్రాలో జన్మించిన ఇబ్నుల్ హైథమ్ పదునొకండవ శతాబ్దమున శ్రద్ధగా పరిశీలించెను. ఆ గదిని పెట్టెగా మార్చి, ప్రతిబింబమును నిలుపుట నేర్చుటకు మరి ఎనిమిది వందల యేండ్లు పట్టినది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో నడిపిన కాలమున కెమెరా యనగా కొయ్యపెట్టె, ముక్కాలిపీట, గాజుపలకలు. అది ఒక్కరు సులువుగా మోయగల బరువు కాదు.

ఇక మేము వాడుచున్న కెమెరా సంగతి. జపానులోని ఒలింపస్ సంస్థ దీనిని 1972లో ‘ఎం–1’ అను పేరుతో వెలువరించెను. ఆ పేరుపై లైకా కెమెరాల తయారీదారులు అభ్యంతరము చెప్పగా మరుసటి యేడు ‘ఓ.ఎం.–1’గా మార్చిరి. దీని రూపకర్త యోషిహిసా మైతాని. అద్దము ద్వారా దృశ్యమును చూపు కెమెరాలు అప్పటికే చాలగా నుండెను గాని, అవి పెద్దవి, బరువైనవి; షట్టరు మ్రోతకు ఎదుటివారు ఉలికిపడుదురు. మైతాని లోపలి యంత్రమంతటిని కొత్తగా అమర్చి, కటకము లేకుండ సుమారు 510 గ్రాములకు తెచ్చెను. అద్దము తాకిడిని తగ్గించుటకు గాలితో పనిచేయు చిన్న అదుపు సాధనమును కూడ లోపల ఉంచెను. తేలికయైనంత మాత్రమున దృశ్యరంధ్రము ఇరుకు కాలేదు. అందులో కంటిని ఉంచినపుడు ఎదుటి దృశ్యము విశాలముగా కనబడుట ఈ కెమెరాకు వన్నె తెచ్చిన గుణమని మా అభిప్రాయము.

సాధారణముగా షట్టరు వేగపు చక్రము కెమెరా నెత్తిపై నుండును. ఇందులో అది కటకము మొదట వలయముగా నున్నది. దాని ముందు దూరమును సవరించు వలయము, కొనయందు రంధ్రపు వలయము. మూడును ఎడమచేతి వ్రేళ్ళకే అందును. కుడిచేయి ఫిల్మును జరుపుటకు, మీట నొక్కుటకు మాత్రమే. కన్ను తీయకుండ అన్నియు మార్చుకొనవచ్చును. ఇది మాకు రెండు ఫిల్ములు ముగియునప్పటికి గాని అలవాటు కాలేదు.

దూరమును సవరించుటలో తొందర పనికిరాదు. మనిషిని తీయునపుడు కంటిపైననే గురి నిలుపవలెను. 50 మిల్లీమీటర్ల కటకమును 3 మీటర్లకు సవరించి, రంధ్రమును ఎఫ్ 1.8 వరకు తెరచినచో సుమారు 2.8 నుండి 3.2 మీటర్ల లోపలి వస్తువులే స్పష్టముగా వచ్చును. ఎఫ్ 8కి మూసినచో ఆ పరిధి సుమారు 2.3 నుండి 4.2 మీటర్ల వరకు పెరుగును. గుంపు చిత్రములో వెనుక వరుసవారు మసకబారుటకు కారణము తరచుగా ఇదియే. అపరాధము కెమెరాది కాదు.

వెలుతురు లెక్క మరింత సులభము. రంధ్రపు అంకెలు 2, 2.8, 4, 5.6, 8, 11, 16. ఒక్కొక్క మెట్టునకు వెలుగు సగమగును. షట్టరు వేగములును అట్లే సెకనులో 60వ వంతు, 125వ వంతు, 250వ వంతు, 500వ వంతు అని సగమగుచు పోవును. నిండు ఎండలో ఎఫ్ 16 ఉంచి, ఫిల్ము వేగపు అంకెకు దగ్గరి వేగమును ఎన్నుకొనుట పాత సూత్రము. 100 వేగపు ఫిల్మునకు 125వ వంతు. కదలు వస్తువును తీయదలచినచో ఎఫ్ 8, 500వ వంతు అనుకొనవచ్చును. రెండు మెట్లు తెరచితిమి, రెండు మెట్లు వేగము పెంచితిమి, లెక్క సరి. వేపచెట్టు నీడకు వచ్చినపుడు ఎఫ్ 5.6, 125వ వంతు మేలు.

కొలమాని ఉండగా ఈ లెక్కలెందుకు? కొలమాని లోకమంతయు బూడిదరంగని నమ్ముచుండును. సున్నము వేసిన గోడ ముందు తెల్లని కుర్తాలు ధరించిన విద్యార్థులను నిలిపి, ముల్లును నడుమకు తెచ్చి తీసినచో ముఖములు నల్లబడును. అట్టి చోట ఒక మెట్టు ఎక్కువగా తెరువవలెను. నల్లని షేర్వాణీ దృశ్యమును నింపినపుడు ఇందుకు విరుద్ధముగా చేయవలెను.

ఇంకొక చిక్కు కలదు. ఈ కొలమానిలో కాడ్మియం సల్ఫైడు ముక్కలున్నవి. వాటిపై వెలుగు పడినకొలది విద్యుత్ నిరోధము తగ్గి ముల్లు కదలును. ఇది 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీకి తగినట్లు కట్టబడినది. పాదరసము విషమగుటచే ఆ బ్యాటరీలు విపణినుండి తొలగిపోయినవి. ఆ స్థానమున 1.5 వోల్టుల బ్యాటరీ వేసినచో ముల్లు లేని వెలుగును చూపును, మనము దానిని నమ్మి రంధ్రమును మూయుదుము, చిత్రము చీకటగును. మా మొదటి ఫిల్ము అంతయు ఇట్లే అయినది. చెవిటివారి యంత్రములలో వాడు జింకు–గాలి బ్యాటరీని చిన్న కడ్డీ వలయముతో అమర్చుట మాకు సరిపడినది. బ్యాటరీ లేకున్నను షట్టరు అన్ని వేగములలోను పనిచేయును. కొలమాని ఒక్కటే నిద్రించును.

మరొక తప్పును దాచుట న్యాయము కాదు. మా ఉర్దూ ఉపన్యాసకులొకరు పదవీ విరమణ చేసిన నాడు ముప్పదియారు చిత్రములు తీసితిమని అనుకొంటిమి. మేము మీట జరుపుచునే ఉంటిమి, అంకెలు పెరుగుచునే ఉండెను. ముప్పదియారు దాటినను మీట ఆగలేదు. మూత తెరచి చూడగా ఫిల్ము కొన చుట్టుకొను కడ్డీలో చిక్కుకొననే లేదు. అంకెల చక్రము మీటను లెక్కించును గాని ఫిల్మును లెక్కించదు. ఎడమ ప్రక్కనున్న తిరుగుడు గుండీని ముందుగా బిగించి, మీట జరిపినప్పుడెల్ల అది కూడ తిరుగుచున్నదా యని చూచి ఉన్నచో తెలిసెడిది. ఆ పెద్దలు పూలమాలతో శిష్యుల నడుమ నిలుచున్న చిత్రము మా కళాశాలలో లేదు. వారు మరునాడే స్వగ్రామమునకు వెళ్ళిరి. మేము వ్రాసిన క్షమాపణకు, ‘చిత్రమెందుకు, మీరు వచ్చి పొండి’ అని రెండు పంక్తులు వ్రాసిరి.

పాతదానిని కొనగోరువారు కొన్ని గమనింపవలెను. వెనుక మూత అంచులలోని నురుగు పట్టీ జిగటగా కరగినచో వెలుగు లోపలికి దూరును. దానిని మార్చుట సులభము. నెత్తిపై పట్టకము వద్దనున్న నురుగు కుళ్ళినపుడు వెండిపూత చెడును. దృశ్యరంధ్రములో నల్లని మరకలు కనబడినచో అదియేమో యని అనుమానింపవలెను. కటకమును దీపమునకు ఎదురుగా పట్టి బూజుతీగలున్నవేమో చూడవలెను. వర్షాకాలమున తోలు సంచిలో మూసి ఉంచిన కటకములకు బూజు త్వరగా పట్టును. మేము తోలు సంచిని బీరువా అడుగున పడవేసి, కెమెరాను సిలికా జెల్ పొట్లములతో డబ్బాలో ఉంచుచున్నాము. పొట్లములను నెలకొకమారు వేడిచేసి ఆరబెట్టుట ఈ యేడు ద్వితీయ సంవత్సరము వారి వంతు.