చెరువులో నత్తల్ని లెక్కపెట్టడం ఎలా?

గుంటూరు దగ్గర ఉప్పలపాడు పక్షుల కేంద్రం చూసే ఉంటారు. నత్తగుల్ల కొంగకు ముఖ్య ఆహారం నత్తే. రక్షిత చెరువులో అనుమతి లేకుండా నత్తల్ని తీయొద్దు. మన కుంటలో అయితే అరమీటరు చదరం ఫ్రేమ్ పెట్టి, లెక్క రాసుకుని, మళ్లీ నీళ్లలోనే వదిలేయండి. వీడియోలో చూపించాను.

పెద్దగా, గుండ్రంగా, గట్టి మూతతో ఉంటే పైలా. మూత లేకుండా చుట్టలా బల్లపరుపుగా ఉంటే ఇండోప్లానార్బిస్. మూత లేకుండా పల్చగా, కోసుగా ఉంటే లిమ్నియా. ఇది కార్జపు జలగను మోస్తుంది, అక్కడ గొర్రెలకు నీళ్లు తాపొద్దు.

పైలా ఎండాకాలం బురదలో దిగి మూతేసుకుని ఉంటుంది. నేనేమో కుంట ఎండిందని పూడికంతా ఒకేసారి తీయించేశా. వానలకు ఒక్కటీ కనపడలేదు! ఇప్పుడు ఏడాదికి సగమే.

మరో మాట. సేంద్రియంలో అనుమతి ఉంది కదా అని మిర్చికి బోర్డో మిశ్రమం కొట్టి, డ్రమ్ము కాలువలో కడుగుతున్నారు. అందులోని మైలుతుత్తం నత్తలకు విషం. నీటికి దూరంగా కడగండి.